రింగ్‌నెక్ చిలుక పిల్లని తెచ్చుకుందాం అనుకుంటున్న హనుమకొండ అన్నకి

అన్నా నమస్తే. మీరు అడిగింది మొత్తం చదివిన. హనుమకొండల మూడో అంతస్తు ఫ్లాట్, ఎనిమిదేండ్ల పాప, ఐదేండ్ల బాబు, పగలు మీరిద్దరు డ్యూటీకి పోతే ఇంట్ల మీ అమ్మ ఒక్కతే ఉంటది, తెల్సినాయన ఒకరు ఊరి నుంచి పచ్చ రింగ్‌నెక్ పిల్లని తెచ్చిస్త అన్నడు. మగది తీస్కోవాల్నా ఆడది తీస్కోవాల్నా, ఎన్ని నెలలకి మాట్లాడ్తది, కేజ్ ఎంత సైజు కావాలె, ఇవీ మీ ప్రశ్నలు. నేను చానా ఏండ్ల నుంచి కాకటీల్స్, బడ్జీలు అనే చిన్న చిలుకల్ని పెంచుతున్న, దెబ్బ తగిలిన చిలుకల్ని ఫారెస్ట్ వాళ్ళకి అప్పజెప్పే పనిల కూడ తిరుగుత, కాబట్టి కొంచెం పెద్దగనే రాస్తున్న, ఓపికతో చదవండి.

సూటిగ చెప్పాల్నంటే ఆ పచ్చ పిల్లని తీస్కోకండి. రింగ్‌నెక్ అంటే మన రామచిలుకే, ఖిలా వరంగల్ రాళ్ళ సందుల్ల, కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల మీద పొద్దుగాల పొద్దుమీకి అరుసుకుంట తిరిగేది అదే. 1972 వైల్డ్‌లైఫ్ చట్టం ప్రకారం మన దేశపు అడవి పిట్టల్ని పట్టుడు, అమ్ముడు, కొనుడు, ఇంట్ల పెట్టుకునుడు అన్నీ తప్పే. మొదట్ల ఇది చట్టంల నాలుగో షెడ్యూల్ల, అంటే నాలుగో జాబితాల ఉండె, 2022ల చట్టం సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన్రు, అప్పటి నుంచి రెండో షెడ్యూల్‌కి వచ్చింది, అంటే ఇంకా గట్టిగ అయ్యిందన్నట్టు. "అందరి ఇండ్లల్ల ఉన్నయి కదా, ఎవడు పట్టిచ్చుకుంటడు" అంటరు గానీ 2023లనే చెన్నైల ఒక తమిళ కమెడియన్ ఇంట్ల రెండు చిలుకలు ఉన్నయని ఫారెస్ట్ వాళ్ళు వచ్చి పిట్టల్ని తీస్కపోయి రెండున్నర లక్షలు ఫైన్ వేసిన్రు. అవి మన రింగ్‌నెక్ కంటే పెద్దగ, భుజం మీద ఎర్ర మచ్చతో ఉండే అలెగ్జాండ్రిన్ చిలుకలు, కానీ రూల్ రెండిటికీ ఒకటే. చిలుక జోస్యం వాళ్ళ దగ్గర ఉన్నదీ ఇదే పిట్ట, వాళ్ళ దగ్గర ఉంది కాబట్టి ఓకే అనుకోవద్దు. దసరాకి పాలపిట్టని పంజరంల పెట్టి చూపిచ్చి పైసలు అడుగుడు కూడ గిదే లెక్క, మన రాష్ట్ర పక్షి అని చెప్పుకుంటం, దాని కాళ్ళకి దారం కట్టి తిప్పుతం.

చట్టం సంగతి పక్కకి పెడదాం, ఆ పిల్లలు ఎక్కడ్నించి వస్తయో తెలిస్తే మీకే తీస్కోబుద్ధి కాదు. రామచిలుక గూడు అల్లదు, ఎండిన తాటి మాను తొర్రల, ముసలి చింత చెట్టు తొర్రల, పాత గోడల కంతల గుడ్లు పెడ్తది. చలికాలం పోయే టైమ్‌కి పిల్లలు అయితయి, ఎండలు ముదిరే లోపు ఎగురుతయి. ఆ మధ్యలనే చెట్లెక్కి తొర్రల చెయ్యి పెట్టి ఉన్న పిల్లలన్నిట్ని గుంజుతరు, చెయ్యి పట్టకుంటే తొర్రనే గొడ్డలితో నరుకుతరు, వచ్చే ఏడు ఇంకో జంటకి ఆ తొర్ర కూడ ఉండదు. తర్వాత గంపల కుక్కి, శనగపిండి కలిపిన నీళ్ళో, నానిన అన్నమో నోట్ల పెడ్తరు, అది ఊపిరితిత్తులల్లకి పోయి చచ్చేవి చచ్చిపోంగ మిగిలినయి మన దాక వస్తయి. మీకు చూపిచ్చిన పిల్లని ఒకసారి యాది చేస్కోండి. ఒక పక్క రెక్క ఈకలు కత్తెరతో సాపుగ కోసి ఉంటయి, తోక కొసలు గంపకి రాసుకొని చీపురు లెక్క అయితయి, రొమ్ము మీద వేలు పెడితే నడిమి ఎముక కత్తి అంచు లెక్క తగులుతది. చేతి మీద కదలకుండ కూసుంటది, "చూడండి సార్ ఎంత మచ్చికైందో" అంటడు. అది మచ్చిక కాదన్నా, ఆకలి, నీరసం. వారం మంచిగ తిండి పెట్టినంక అదే పిల్ల మీ వేలు కొరికి రక్తం తీస్తది.

"పచ్చది వద్దంటున్నవ్ కదా, మరి నీలం రింగ్‌నెక్, పసుపు రింగ్‌నెక్ షాపులల్ల పెట్టి అమ్ముతున్నరు కదా" అని తర్వాత మీరు అడిగే ప్రశ్న ఇదే, అందరు ఇదే అడుగుతరు. అవి వేరే పిట్టలు కావు, అదే జాతిల రంగు మారినయి, కేజ్‌లల్ల పుట్టిచ్చి పుట్టిచ్చి పెంచిన రంగులు. యూట్యూబ్‌ల భుజం మీద కూసొని ముద్దులు పెట్టే నీలం చిలుక వీడియోలు చానావరకు అమెరికా, ఆస్ట్రేలియా, దుబాయ్ వాళ్ళవి, అక్కడ ఇది వాళ్ళ అడవి పిట్ట కాదు కాబట్టి వాళ్ళ రూల్స్ వేరు. మన చట్టంల రాసింది జాతి పేరు, ఈకల రంగు కాదు. అమ్మేటోళ్ళు "ఇది ఫారిన్ది, బిల్లు ఇస్త" అంటరు, రేపు ఎవరన్న కంప్లైంట్ ఇస్తే ఆ బిల్లు పట్టుకొని తిరగాల్సింది మీరు. నేనైతే కొనమని చెప్పను.

ఇంకో మాట, చట్టం ఒప్పుకున్నా సరే మీ ఇంటికి రింగ్‌నెక్ సెట్ కాదు. ఇది తెలివి ఎక్కువ ఉన్న పిట్ట, మాట స్పష్టంగ పలుకుతది, అది నిజం. కానీ ఒళ్ళో పండుకునే రకం కాదు, దగ్గరికి వస్తది గానీ తల నిమిరితే దూరం జరుగుతది. నాలుగో నెల నుంచి ఏడాది లోపు ఎప్పుడో ఒకప్పుడు దానికి ఒక మొండి టైమ్ వస్తది, అప్పటిదాక మంచిగున్నది కూడ చెయ్యి పెడితే బుస్సుమని ముందుకొచ్చి పొడుస్తది, పెద్దోళ్ళం అయితే చెయ్యి వెనక్కి గుంజకుండ ఓర్చుకుంటం, ఐదేండ్ల పోరడు ఓర్చుకుంటడా? ఒకసారి పోరడు అరిచి చెయ్యి గుంజితే "ఓహో కొరికితే పోతరన్నట్టు" అని అది నేర్చేసుకుంటది, ఇగ జిందగీల మర్చిపోదు. పైగ రోజు గంటలు గంటలు మనిషి తోడు కావాలె, లేకుంటే ఒకటే అరుపు, ఆ అరుపు మీ ఫ్లోర్ల అన్ని ఫ్లాట్లకి వినపడ్తది. సోఫా కర్ర, తలుపు అంచు, చార్జర్ వైరు ఏది దొరికితే అది చెక్కుతది. మంచిగ చూస్కుంటే 25, 30 ఏండ్లు బతుకుతది, అంటే మీ పాప పెండ్లి అయి పోయినంక కూడ అది మీ ఇంట్లనే ఉంటది.

మగదా ఆడదా అని అడిగిన్రు కదా, మెడ చుట్టు నల్ల, గులాబి రింగు మగదానికి రెండు మూడేండ్లకి గానీ పూర్తిగ రాదు. పిల్లప్పుడు రెండూ ఒక్క తీరే ఉంటయి, డీఎన్‌ఏ టెస్టు తప్ప చూసి చెప్పుడు కాదు. "ఇది పక్కా మగదే సార్" అన్న మనిషి మాట అక్కడ్నే తేలిపోయింది. ఇంకో అబద్ధం కూడ ఉంది, పచ్చిమిర్చి పెడితే మాటలు వస్తయని. మిర్చిల మంట పుట్టిచ్చే క్యాప్సైసిన్ పిట్టలకి మంట అనిపియ్యదు, అందుకే మన దిక్కు తోటలల్ల చిలుకలు పండు మిర్చి కమ్మగ తింటయి, ఎనుమాముల మిర్చి మార్కెట్ల మనం ముక్కుకి టవల్ కట్టుకొని తిరుగుతం. మిర్చి తిన్నదని మాట రాదు, మాట వినీ వినీ వస్తది.

ఇగ మీ ఇంటికి ఏది మంచిది అంటే నా ఓటు కాకటీల్‌కి. ఆస్ట్రేలియా పిట్ట, నెత్తి మీద కుచ్చు, బుగ్గ మీద నారింజ చుక్క, 80 నుంచి 100 గ్రాముల బరువు, 15, 20 ఏండ్లు బతుకుతది. కొరికినా రక్తం వచ్చేంత కొరకడం తక్కువ, అరుపు కూడ రింగ్‌నెక్ ముందు ఏం లెక్క కాదు. మగది విజిల్ బాగ వేస్తది, ఒకటి రెండు మాటలు అంటదేమో గానీ రామచిలుక లెక్క ముచ్చట్లు పెట్టదు, ఆ ఆశ ముందే తీసేస్కోండి. పాపకి ఆ కుచ్చు చదవడం నేర్పండి, ఒక్క రోజుల వచ్చేస్తది. కుచ్చు నిట్టనిలువుగ లేస్తే భయపడ్డదో ఏదో విన్నదో, సగం లేసి కొంచెం వెనక్కి వాలి ఉంటే హాయిగ ఉంది, నెత్తికి అతుక్కపోయి నోరు తెరిచి బుస కొడ్తుంటే చెయ్యి పెట్టొద్దు. రింగ్‌నెక్‌కి ఆ కుచ్చు ఉండదు కదా, చిన్న పిల్లలకి దాని కోపం కొరికినంకనే తెలుస్తది.

ఒక్క అనుమానం, మీ అమ్మకి గాని పిల్లలకి గాని ఆస్తమా ఉందా? కాకటీల్ ఒంటి మీద తెల్ల పౌడర్ బాగ రాలుతది, టీవీ మీద, కేజ్ కింద రోజు కనపడ్తది. ఆస్తమా ఉంటే మీ డాక్టర్‌ని అడగకుండ ఏ పిట్టా వద్దు.

కాకటీల్ వద్దనుకుంటే బడ్జీల జంట. మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేయి చానా వరకు బడ్జీలే, అసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది, తోక పొట్టిగ, ముక్కు లావుగ ఉంటది, కోపం ఎక్కువ. బడ్జీలు చిన్నయి, తక్కువ ఖర్చు, ఒకదానికొకటి తోడు ఉంటయి కాబట్టి మీరు డ్యూటీల ఉన్నా బెంగ పెట్టుకోవు, కానీ జంటగ ఉంటే మనతోని అంత మచ్చిక కావు. 5 నుంచి 10 ఏండ్లు బతుకుతయి. సన్ కన్యూర్ అనే దక్షిణ అమెరికా చిలుక మాత్రం ఫ్లాట్ల వద్దే వద్దు, రంగు చూసి మోసపోతరు, దాని అరుపుకి పక్క ఫ్లాటోళ్ళు సొసైటీ మీటింగ్ పెడ్తరు. పైగ కన్యూర్లు సైటీస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) లిస్టుల ఉన్నయి కాబట్టి 2024ల వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్ల రిజిస్టర్ చేయాలె. బడ్జీ, కాకటీల్, పీచ్ ఫేస్ లవ్ బర్డ్ ఆ సైటీస్ లిస్టుల లేవు, ఆ తలనొప్పి లేదు.

కొనేటప్పుడు పొద్దుగాల పోండి, ముందు చెప్పకుండ పోండి. దూరం నుంచే ఐదు నిమిషాలు నిలబడి చూడండి, ఎందుకంటే పిట్ట జబ్బుని దాచుకుంటది, మనిషి దగ్గరికి వస్తే హుషారుగ ఉన్నట్టు నటిస్తది, దూరంగ ఉన్నప్పుడే ఈకలు ఉబ్బిచ్చుకొని కళ్ళు మూసుకుంటది. ఊపిరి తీస్తుంటే తోక పైకి కిందికి ఊగుతుందా, ముక్కు కంతల చుట్టు తడి ఉందా, వెనక ఈకలకి రెట్ట అంటుకొని ఉందా చూడండి. రెట్ట కూడ చూడాలె, నడిమిల ఆకుపచ్చో గోధుమో గట్టిగ, దాని మీద తెల్లగ, చుట్టు కొంచెం నీళ్ళు ఉంటే మంచిదే. రొమ్ము ఎముక వేలికి పదునుగ తగిలితే వదిలేయండి, జాలి పడి తెచ్చుకోకండి. బడ్జీ అయితే చారలు నుదురు మీద ముక్కు దాక ఉంటే చిన్న పిల్ల, నుదురు సాఫుగ ఉంటే పెద్దది. ముక్కు పైన మెత్తటి భాగం పెద్దదానికి నీలంగ ఉంటే మగది, గోధుమ రంగు ఉంటే ఆడది, కానీ తెల్ల, పసుపు రంగు బడ్జీలల్ల ఇది పనిచేయదు. మామూలు బూడిద రంగు కాకటీల్ మొగది ఆరు నెలలు దాటినంక మొఖం పసుపు అయితది, ఆడదానికి తోక కింద చారలు అట్లనే ఉంటయి.

"హ్యాండ్ ఫీడింగ్ పిల్ల తీస్కపోండి, మీరే తినిపిస్తే మీకే మచ్చికయితది" అని ఇంకా గింజ తినరాని పిల్లని అంటగడ్తరు, ఒప్పుకోకండి. ఫార్ములా, అంటే నీళ్ళల్ల కలిపి పట్టే పిల్ల తిండి, వేడి ఎక్కువైతే గొంతు సంచి కాలి కంత పడ్తది, సిరంజి తప్పు పడితే ఊపిరితిత్తులల్లకి పోతది, అది నేర్చుకున్నోళ్ళు చేసే పని. మచ్చిక కావాల్నంటే మనుషుల చేతుల మీద పెరిగి, సొంతంగ గింజలు తింటున్న ఎనిమిది పది వారాల పిల్లని అడగండి, మీ ముందట గింజ పొట్టు ఒలిచి తినేదాక ఆగండి.

కేజ్ గురించి. గుండ్రటివి, గుడి గోపురం లెక్క ఉండేవి వద్దు, చూడముచ్చటగ ఉంటయి గానీ పిట్ట అడ్డంగ ఎగురుతది, నిలువుగ కాదు. ఒక్క కాకటీల్‌కి కనీసం రెండు ఫీట్ల పొడవు, ఒకటిన్నర ఫీట్ల లోతు, రెండు ఫీట్ల ఎత్తు, కమ్మీల మధ్య సందు అర ఇంచు. బడ్జీ జంటకి పొడవు ఇంకో అర ఫీటు పెంచండి. కొత్త జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) జాలి అయితే జింక్ పొడి ఉంటది, పిట్ట నాకితే విషం ఎక్కుతది, వెనిగర్‌తో బ్రష్ కొట్టి కడిగి ఎండల పెట్టండి. లోపట ఇచ్చే ప్లాస్టిక్ కర్రలు తీసి పారేసి జామ కొమ్మలు, వేప కొమ్మలు, సన్నవి లావువి కలిపి పెట్టండి, ఒకే మందం కర్ర మీద నిలబడితే కాళ్ళకి పుండ్లు అయితయి. అద్దం, గూడు డబ్బా వద్దు, అవి పెడితే ఊరికే గుడ్ల మీదికి పోతది. కేజ్ హాల్ల ఒక గోడకి ఆనిచ్చి, కన్ను ఎత్తున పెట్టండి, వంటింట్ల వద్దు.

వంటింట్ల ఎందుకు వద్దంటే నాన్‌స్టిక్ పెనం. ఖాళీ పెనం మంట మీద మర్చిపోయి బాగ కాలితే దాని పూత నుంచి వచ్చే గ్యాస్ మనకి వాసన కూడ సరిగ తెల్వదు, పిట్ట నిమిషాలల్ల కింద పడి పోతది. నాన్‌స్టిక్ దోశ పెనం ఇంట్ల ఉంటే తీసేసి ఇనుప పెనం తెచ్చుకోండి, దోశ కూడ మంచిగ వస్తది. అమ్మ పూజల సాంబ్రాణి వేస్తే పిట్ట వేరే గదిల ఉండాలె, దోమల కాయిల్ కూడ అంతే. కేజ్ తలుపు తీసే ముందు సీలింగ్ ఫ్యాన్ బంద్ చేయాలె, ఈ ఒక్క అలవాటు పిల్లలకి ఎక్కం లెక్క నోటికి ఎక్కియ్యండి, ఎందుకంటే మన ఇండ్లల్ల పిట్టలు చచ్చేది జబ్బు కంటే ఫ్యాన్‌కే ఎక్కువ అని నేను చూసిన లెక్క.

తిండికి మన ఊరి కిరాణాల దొరికేయే బంగారం అన్నా. కొర్రలు, సామలు, సజ్జలు కలిపి పెట్టండి, పొద్దుతిరుగుడు గింజలు ఊరించడానికి చేతితో ఒకటి రెండు ఇస్తే చాలు, గిన్నె నిండ పోస్తే కాలేయం కొవ్వెక్కుతది. ఒట్టి గింజలే పెట్టినా విటమిన్ ఏ తక్కువై ముక్కు కారుడు, రొంప మొదలైతయి, అందుకే రోజు తోటకూర, మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము, లేత మక్క కంకి ముక్క, మొలకెత్తిన పెసలు. మొదట ముట్టదు, వారం దాక ముట్టదు, రోజు పెట్టుకుంటనే పోవాలె, మీరు దాని ముందట అదే క్యారెట్ నములుకుంట కూసుంటే తొందరగ నేర్చుకుంటది. కాల్షియం కోసం కటిల్ బోన్ (సముద్రపు జీవి ఎముక) ఒకటి వేలాడదీయండి. చాయ్, చాక్లెట్, ఉల్లి, ఉప్పు కారప్పూస, అవకాడో ఏదీ వద్దు, మీ బాబు చిప్స్ పెడ్తడు చూడండి, అది గమనిచ్చుకోండి. మధ్యాహ్నం గిన్నె నిండుగ కనపడ్తది, కానీ పైన ఉన్నది ఒట్టి పొట్టే, ఊది చూస్తే గింజ ఉండదు, ఇట్ల నిండిన గిన్నె ముందట ఆకలితో ఉన్న పిట్టలు మస్తు చూసిన. అమ్మకి ఈ ఊదుడు ఒక్కటి నేర్పండి.

ఎండాకాలం మన దిక్కు సంగతి మీకు తెల్సు, మే నెలల 44, 45 దాక పోతది. నోరు తెరిచి రొప్పుకుంట రెక్కలు ఒంటికి దూరంగ పెట్టిందంటే వేడెక్కినట్టు, వెంటనే నీడకి తెచ్చి కాళ్ళు తడిపి, వెడల్పు గిన్నెల నీళ్ళు పెట్టండి, నోట్ల నీళ్ళు పోయొద్దు. బాల్కనీల మధ్యాహ్నం ఉంచొద్దు. కూలర్ గాలి సూటిగ తగలొద్దు. రాత్రి పది పన్నెండు గంటలు నిద్ర కావాలె, బట్ట కప్పండి, కాకటీల్స్ చీకట్ల ఉలిక్కిపడి కేజ్‌ల కొట్టుకుంటయి కాబట్టి చిన్న బెడ్ లైట్ ఉండనియ్యండి, దీపావళి నాలుగు రోజులు లోపలి గదిల పెట్టండి.

తెచ్చిన మొదటి వారం ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు, పక్కన కూసొని మాట్లాడుకుంటే చాలు. తర్వాత కమ్మీల సందు నుంచి కొర్ర కంకి పట్టుకొని నిలబడుడు, తర్వాత కేజ్ లోపట, తర్వాత వేలు పొట్ట కింద పెట్టి ఎక్కిచ్చుకునుడు. పాపతో రోజు పది నిమిషాలు, బాబు మీరు ఉన్నప్పుడే. కేజ్ అడుగు పేపర్ రోజు మార్చండి, ఎండిన రెట్ట దుమ్ము లేపకుండ తడిపి తీయండి, చేతులు కడుక్కోవాలె, ఎందుకంటే చిలుక జాతి పిట్టల నుంచి సిటాకోసిస్ అని ఒక జ్వరం మనుషులకి వస్తది. ఇంట్ల ఎవరికన్న జ్వరం, పొడి దగ్గు పట్టి తగ్గకుంటే దవాఖానల "మా ఇంట్ల పిట్ట ఉంది" అని చెప్పండి, వాళ్ళు అడగరు.

పిట్టల డాక్టర్ సంగతి ముందే తెల్సుకొని పెట్టుకోండి. మామూలు పశువుల దవాఖానల బర్రెలు, మేకలు చూసుడే ఎక్కువ, మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడగండి, లేకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్. వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొని వారానికోసారి బరువు రాసి పెట్టుకోండి, పదో వంతు తగ్గిందంటే హుషారుగ కనపడ్డా సరే తీస్కపోవాలె.

చివరికి ఆ పచ్చ పిల్ల. మీరు వద్దంటే ఆయన ఇంకొకరికి అమ్ముతడు, జాలి పడి కొంటే వచ్చే ఏడు ఇంకో రెండు తొర్రలు నరుకుతడు, కాబట్టి కొనకండి, ఫారెస్ట్ ఆఫీసుకి చెప్పండి. హంటర్ రోడ్డుల కాకతీయ జూ పార్క్ ఉంది కదా, అక్కడ అడిగినా ఎవరికి చెప్పాలెనో తెలుస్తది. ఇప్పటికే ఎవరింట్లనన్న రామచిలుక ఉంటే మాత్రం భయపడి రాత్రికి రాత్రి డాబా మీద వదిలేయకండి, రెక్కలు కోసిన, మనిషి చేతి తిండికి అలవాటైన పిట్ట రెండు రోజులు కూడ ఆగదు, కాకులో పిల్లులో తీస్కపోతయి, అది కూడ ఫారెస్ట్ వాళ్ళకే అప్పజెప్పాలె. పాపకి రామచిలుకే కావాల్నని ఏడుస్తుంటే బాల్కనీ బయటికి రెండు జొన్న కంకులు కట్టి, మట్టి చిప్పల నీళ్ళు పెట్టండి, చుట్టుపక్కల చెట్లుంటే వాటంతట అవే వస్తయి, వచ్చి సగం తిని సగం కింద పారేసి పోతయి, ఊడ్చుకునే ఓపిక ఉండాలె.

కాకటీల్ ఖాయం అనుకుంటే ముందు కేజ్ కొనండి, పిట్ట తర్వాత. కేజ్ ఫొటో, కమ్మీల పక్కన స్కేల్ పెట్టి తీసి పంపండి, చూసి చెప్త.